పట్టా అంచు మీద ముడి

"పొద్దున మిషిన్ పట్టా చూసినవా లేదా అక్కా?"

"చూడలే."

"నువ్వు చూడకుంట ఏనాడన్న మిషిన్ చాలు చేయనిచ్చినవా? ఆగు తమ్మీ, ఆగు తమ్మీ అని రోజు నా పానం తీస్తవు గదా."

"ఇయ్యాల తియ్యలే."

"అబద్ధమాడకు. అంచు మీద చెయ్యి పెట్టుకుంట నడుస్తుంటే నా కండ్లతోటి చూసిన."

"నడిచిన. కండ్లల్ల నిద్ర ఉండె. నడుసుడు వేరు, చూసుడు వేరు."

"నీ పని పోతది అక్కా. సమజైతున్నదా?"

"అయితున్నది తమ్మీ."

నా చిన్నప్పుడు, నాకు పదేండ్లున్నప్పుడు, బొంబాయి దగ్గర భివండీల, నార్పోలిలో ఒక బిస్కెట్ కార్ఖానాలో జరిగిన కొట్లాట ఇది. అడుగుతున్న మనిషి అక్కడి ముకద్దం, పని చేయించేటాయన. మా కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాడే. జవాబు చెప్తున్నది మా పక్క ఖోలిలో, అంటే పక్క గదిలో ఉండే ఆమె, నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. తప్పు నీది కాదని ఆయన, నాదేనని ఆమె. అసువంటి కొట్లాట నేను మళ్ల ఎన్నడు వినలేదు. వాళ్లకు నాలుగడుగుల దూరంలో, మా అమ్మ చాటున, ఆ తప్పు చేసిన నేను నిలబడి ఉన్న.

మావాళ్లు సాంచెల మీద, అంటే బట్ట నేసే మరమగ్గాల మీద బతకడానికి భివండీ వచ్చినవాళ్లు. మా నాయన పదిహేనేండ్లు సాంచెలు నడిపిండు. నూలు దుమ్ము రొమ్ములో చేరి, నేను పుట్టిన కొన్నేండ్లకే మంచం పట్టిండు. ఇల్లు మా అమ్మ పని మీద నిలబడింది. అమ్మ ఆ బిస్కెట్ కార్ఖానాలో పట్టా ముందర కూర్చుండి, మాడినవి, విరిగినవి ఏరేది. అట్ల ఏరే ఆడోళ్లు పదిమంది దాకా ఉండేవాళ్లు, అందరూ తెలుగోళ్లే.

ఆ పట్టా గురించి కొంచెం చెప్పాలె. నాలుగు పొరల మందపు నూలు గుడ్డ అది. వెడల్పు రెండు మూరలు, పొడుగు షెడ్డంత. ఈ కొసకు ఒక రోలు, ఆ కొసకు ఒక రోలు, వాటి మీద తిరిగేది. భట్టీలోంచి వేడివేడి బిస్కెట్లను మోసుకొచ్చి ఆడోళ్ల ముందట నుంచి తీసుకపోయేది. అది నడిస్తే అందరికీ పని. అది చినిగితే, బాగయ్యేదాకా అందరూ ఇంట్లో కూర్చునుడే.

దాన్ని కాపాడే పని పెద్దమ్మది. పిల్లలు లేరు, భర్త పోయిండు. ఆదివారం తెల్లచీర కట్టుకొని ప్రార్థనకు పోయేది, కడమ ఆరు రోజులు ఆ పట్టాను చూసుకునేది. అందరి కంటే ముందు వచ్చి, కిందికి దూరి, రోలుకు అంటిన పిండిని చెక్కపేడుతో తీసేది. ఒక్క ఉండ గట్టిపడి రోలుకు అంటినా పట్టా పక్కకు జరిగి అంచు రాసుకుంటదని ఆమె బాధ. ఎవరన్నా తొందరకు కత్తి పట్టుకుంటే ఊకునేది కాదు. "మెల్లగ గీకవే, అది నీ మొగని గడ్డం కాదు" అనేది. ఆడోళ్లు పొట్టచెక్కలయ్యేటట్టు నవ్వేవాళ్లు. ఆమె మాత్రం నవ్వేది కాదు. అటెన్క మిషిన్ ఆపి ఉండంగనే అంచు మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచేది. పోగు లేచి కనిపిస్తే కత్తెరతో గుడ్డ మట్టానికి కత్తిరించి, మైనం రుద్ది, సూదితో అణచి కుట్టేది. ముకద్దం గడియారం చూసుకుంట గునిగేటోడు, ఆమె వినిపించుకునేది కాదు.

నేను రోజూ పగటాల అమ్మకు రొట్టెల డబ్బా తీసుకపోయేదాన్ని. పిల్లలు లోపలికి రావద్దని, మళ్ల కనిపిస్తే అమ్మనే పనిలోకి రావద్దంటనని ముకద్దం ఒకసారి గట్టిగ చెప్పి ఉండె. అయినా నేను వెనుక దర్వాజ నుంచి పోయేదాన్ని. ఆ దినం అందరూ పెరట్లో తింటున్నరు. మిషిన్ ఆగి ఉన్నది. డబ్బా ఇచ్చి, చల్లగ ఉంటదని షెడ్డులోకి పోయిన. పట్టా అంచుకు రెండు పోగులు లేచి కనిపించినయి. పొద్దున లేకుండె కావచ్చు, పని నడుస్తుంటే లేచినయి.

బట్ట నేసే సాలోళ్ల పిల్లను నేను. అక్షరాల కంటే ముందు ముడి నేర్చుకున్న. పోగు తెగి కనిపిస్తే మా ఇంట్లో ఎవ్వరి చెయ్యీ ఊకోదు. నా ముడి గోరు కింద దూరేటంత సన్నగ ఉంటదని నాయన మంచంలో పడుకొని కూడా మెచ్చుకునేటోడు. ఆ రెండు పోగులు పట్టుకొని గుంజి, కలిపి, గట్టిగ ముడేసిన. చూసుకుంటే ముద్దుగ ఉన్నది. పెద్దమ్మ తిని వచ్చినంక చూపించి శభాష్ అనిపించుకుందామనుకున్న. అంతల మళ్ల పనికి గంట మోగింది. లోపల ఉన్నందుకు భయమై మూలకు జరిగిన. చెప్పలేదు.

పట్టా పక్కకు జరగకుండ అంచుకు ఇనుప కమ్మి ఒకటి ఉంటది, దానికి ఒక బోల్టు. నేను వేసిన ముడి ఉచ్చులెక్క ఉండె. మిషిన్ చాలు కాంగనే పోయి ఆ బోల్టుకు తగులుకున్నది. బట్టల దుకాణంలో తాను చింపితే వచ్చే చప్పుడు వచ్చింది, కానీ ఆగలేదు. ముకద్దం ఉరికొచ్చి మిషిన్ బందు చేసేసరికి అయిదారు మూరల అంచు ఊడి, పట్టా ఒక పక్కకు ముడుచుకపోయింది. బిస్కెట్లన్ని కింద. పైన మిగిలినవాటికి నూలు పీచు అంటుకున్నది. తినేదాంట్ల పోగు పడితే ఇంక దాన్ని ఎవలకు పెడ్తరు, ఆ వాయి మొత్తం పారేసిండ్రు.

అందరికంటే ముందు బోల్టు దగ్గర వంగింది పెద్దమ్మ. ఆ ముడి తీసి చూసింది. ఆ కార్ఖానాలో పట్టాకు ముడి వేసేటంత తెలివి తక్కువవాళ్లు ఎవరూ లేరు. మూలకున్న నన్ను ఒకసారి చూసింది. ముడిని నడుము దగ్గర చీర మడతలో దోపుకున్నది. అటెన్కనే ముకద్దం అడిగిండు, ఆమె చూడలేదన్నది. అమ్మ వచ్చి ముకద్దానికి కనిపించకుండ నాకు అడ్డంగ నిలబడ్డది. నా మొకం చూడంగనే ఆమెకు సంగతి తెలిసిపోయింది. నేను నోరు తెరిచిన. అమ్మ చెయ్యి నా భుజాన్ని ఎముక నొచ్చేటట్టు పట్టుకున్నది. ఊకొమ్మని దాని అర్థం. ఊకున్న.

పొద్దు గూకక ముందే పెద్దమ్మ నన్ను తన ఖోలికి పిలిచింది. దెబ్బలు పడతయనుకొని పోయిన. పాత పట్టా ముక్క ఒకటి, సూది, మైనం ముందట పెట్టుకొని కూర్చున్నది.

"సాంచె మీద ముడి మంచిదే బిడ్డా. అక్కడ గుడ్డ మెల్లగ జరుగుతది, మనిషి పక్కనే ఉండి చూస్తడు. ఇది ఉరుకుతది. ఉరికేదానికి ఉచ్చు పెట్టినవు."

పోగు ఎట్ల కత్తిరించాల్నో, ఎట్ల అణచి కుట్టాల్నో చూపించింది. నాతోటి మూడుసార్లు కుట్టించింది, రెండుసార్లు విప్పించింది. నేను ఏడుస్తుంటే, చూడలేదని ఎందుకు చెప్పినవని అడిగిన.

"మీ నాయన దగ్గు నాకు గోడ ఇవతలికి వినవస్తది. నాది ఒక్క పొట్టనే" అన్నది. సూదిని మైనంల గుచ్చి, "చెయ్యి పెట్టినందుకు నేనేమనను. పెట్టినంక చెప్పాలె. గంట కంటే ముందు చెప్తే కత్తెరతోటి పోయేది" అన్నది. ఇంతే. మళ్ల ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నా మనవరాలు ఇప్పుడు మాన్కోలి అవతల మిక్చర్, కారప్పూస చేసే ఒక నమ్కీన్ కంపెనీలో పనిచేస్తున్నది. వాళ్ల పట్టాకు నూలు లేదు, ప్లాస్టిక్ బిళ్లలు ఒకదానికొకటి తగిలించి ఉంటయట. రోజూ నీళ్లతో కడుగుతరట, బిళ్ల పగిలిందా, పక్కకు జరిగిందా అని చూసి కాయితం మీద రాస్తరట. మంచిదే. నేను దాన్ని ఒక్కటే అడుగుత, నువ్వు డ్యూటీ దిగినంక, నీ జాగల ఎక్కేదానికి నోటితోటి చెప్పినవా అని. నవ్వుతది. నా ఇంట్లో వస్తువు పగిలితే చెప్పినవాళ్లను నేను ఒక్క మాట అనను. దాచినవాళ్లను మాత్రం మనవలని కూడా చూడను. ముసలిది రాయి లెక్క ఉంటదని అనుకుంటరు. అనుకోనియ్యి.

కానీ నేను కూడా దాచినదాన్నే. ముకద్దం ఆ తర్వాత ఎన్నో ఏండ్లు మా గల్లీలోనే ఉన్నడు, ఎన్నోసార్లు ఎదురుపడ్డడు. ఆ ముడి నాదని ఒక్కసారి కూడా చెప్పలేదు. పట్టా పని పోయినంక పెద్దమ్మ గైబీ నగర్‌లో సాంచెలకు నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది. అక్కడ అంత నూలు దుమ్మే. మూడు నాలుగేండ్లకు ఆ గోడ అవతల నుంచి కూడా దగ్గు మొదలైంది. నాయన పోయిన ఏడాదే ఆమె కూడా పోయింది. అమ్మ చివరి దాకా ఆమెకు గంజి కాచి నాతోటి పంపింది, తాను మాత్రం ఆ గడప తొక్కలేదు.

ఎన్నేండ్లైనా నాతోటి ఉన్నది మాత్రం ఆ మరునాటి పొద్దు. ముందు దినం సాయంత్రమే తోలు కుట్టే ఒక మోచీని పిలిపించి పట్టాను కుట్టించిండ్రు. తెల్లారి పనికి పిలిచే భోంగా కూయకముందే ముకద్దం మా దర్వాజ దగ్గరికి వచ్చిండు. ఇయ్యాల్టి నుంచి పట్టా చూసే పని నీదే అని అమ్మతోటి చెప్పి పోయిండు. అమ్మ తల ఊపింది. నాయనకు చాయ్ పోసిచ్చి బయటికి వచ్చింది. అప్పుడే పెద్దమ్మ తన ఖోలికి తాళం వేస్తున్నది. ఇద్దరూ గల్లీ చివర దాకా ఒకరి వెనుక ఒకరు నడిచిండ్రు. అక్కడ పెద్దమ్మ వేరే పని వెతుక్కుంట గైబీ నగర్ దిక్కు మళ్లింది. అమ్మ కార్ఖానాలోకి పోయి, పట్టా అంచు మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. మిషిన్ టైముకు చాలు అయింది.