హిల్కాకు వెయ్యని చుక్కలు

పడమటి ఫిన్లాండ్ మైదానంలోని ఆ ఆసుపత్రిలో, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వెయ్యడంలో నర్సు సైమిని మించినవాళ్లు లేరు. ఇరవయ్యారేళ్ల అనుభవం మరి! అబద్ధమాడటం మాత్రం ఆవిడకు చేతకాదు. చేతకాని పని నెత్తికెత్తుకుంటే ఏమవుతుందో ఆ చలికాలం తెలిసొచ్చింది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కంటి వెనక పొర పలచబడుతుంది. దాన్ని స్కాన్ తీసి కొలవడానికి చుక్కలు అవసరమా కాదా అన్నది డాక్టర్ వెండ్లా పరిశోధన. ఒక్కొక్కరికీ చుక్కలకు ముందొక స్కాన్, తర్వాత ఒకటి.

ఆ జబ్బుతోనే హిల్కా కర్ర ఊతంగా వచ్చింది. మొగుడు పోయాక పద్దెనిమిది ఆవులను ఒంటరిగా సాకుతున్న మనిషి. మొదటి స్కాన్ అవగానే సైమి చెయ్యి పట్టుకుంది.

"చుక్కలేస్తే సాయంత్రం దాకా కారు నడపకూడదా? ఓ గంటలో తగ్గిపోతుందనుకున్నానే! పాలెవరు పిండుతారే తల్లీ?"

"మీ మరిది పక్కింట్లోనే ఉన్నాడుగా అక్కా, అడగొచ్చుగా!"

"వాణ్ణా? చచ్చినా అడగను."

మా మైదానం వాళ్లింతే. కాలు విరిగినా పక్కింటి తలుపు తట్టరు. సైమికి జాలేసింది. చుక్కలు వెయ్యకుండానే రెండో స్కాన్ తీసి, కాగితం మీద "వేశాను" అని రాసేసింది.

మూడు వారాలకు వెండ్లా ఎగిరి గంతేసినంత పని చేసింది.

"చూశారా సైమిగారూ! ఈ హిల్కాగారి కొలతలు రెండూ అచ్చుగుద్దినట్టున్నాయి. అందరికీ ఇలాగే తేలితే ఇక చుక్కల బాధే ఉండదు. అంతా మీ చలవే!"

సైమికి తల కొట్టేసినట్టయింది. కాఫీ గదిలోకి వెళ్లి నలుగురి మొహం చూడలేకపోయింది. ఛీ, ఇన్నేళ్ల నమ్మకాన్ని ఒక్క మాటతో మంటగలిపానే అని కుమిలిపోయింది. మర్నాడు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వెండ్లా హిల్కా కాగితం తీసి పక్కన పెట్టింది. తర్వాత, "ఆవిడ కొలతలు కొట్టెయ్యాలి. మళ్లీ వస్తారేమో మీరే అడగండి" అంది.

ఫోన్ ఎత్తగానే హిల్కా, "ఏమ్మా, నా కళ్లు ఎవరికైనా పనికొచ్చాయా?" అని ఆశగా అడిగింది.

"లేదక్కా. నా వల్లే" అంటూ సైమి జరిగిందంతా చెప్పి, మళ్లీ వస్తారా అని అడిగింది. అవతల పాలు పిండే యంత్రం చప్పుడు వినిపించింది. హిల్కా ఫోన్ పెట్టేసింది.

గురువారం హిల్కా తన మరిది కారులోంచి దిగింది. సైమి మొహంలోకి చూడకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అడిగానే. 'ఇన్నేళ్లూ నన్ను పరాయివాణ్ణి చేశావేం వదినా' అని ఏడ్చినంత పని చేశాడు. వాణ్ణి ఓ మాటడగడానికి సిగ్గుపడి, నిన్ను నలుగురిలో తలదించుకునేలా చేశాను" అని తల వెనక్కి వాల్చింది. "ఇంక వెయ్యి."