కూర్చుని చల్లిన గడ్డి

నా చిన్నప్పుడు మా క్వార్టర్‌లో ఎవరో ఒకరు ఎప్పుడూ పడుకునే ఉండేవారు. లక్సెట్టిపేట అవతల బొగ్గు గనుల కాలనీ మాది. గనిని మా దగ్గర బాయి అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ. బాపు బాయిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పొద్దంతా నిద్రపోయేవాడు కనుక, గిన్నె చప్పుడు కాకుండా అన్నం తినడం నాకు చాలా చిన్నతనంలోనే అలవాటైంది. ఒకరోజు లోపల పైకప్పు బండ విరిగి ఆయన ఎడమ కాలి మీద పడింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక చాలాకాలం గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. నిద్రపోతున్నాడో, ఊరికే కళ్లు మూసుకున్నాడో మాకు తెలిసేది కాదు.

నడవగలిగిన తర్వాత ఆయనకు బాయి బయట, గెస్ట్ హౌస్ తోటలో పని ఇచ్చారు. కాలు పూర్తిగా బాగైందని బాపు అందరితోనూ చెప్పాడు. నొప్పి ఉందంటే పనికిరాడని ఇంటికి పంపిస్తారని ఆయన భయం. అందుకే అవ్వతోనూ అదే మాట చెప్పాడు, అవ్వ నమ్మింది. పొద్దున్నే లేచి, అలసిన మొహంతోనే, నడుము నిటారుగా పెట్టుకుని గడప దాటేవాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ నడక అలాగే ఉండేది.

ఆ వానాకాలం గెస్ట్ హౌస్ ముందు లాన్ వేయాలని పెద్ద సాబు అనుకున్నాడు. ఎక్కడి నుంచో డబ్బాలో గడ్డి విత్తనాలు వచ్చాయి. మా కాలనీలో సగం మంది పొలాలు వదిలి వచ్చినవాళ్లే. గడ్డి విత్తనమనేది ఒకటుంటుందని, దాన్ని కావాలని చల్లుతారని వాళ్లెవరూ వినలేదు. "గడ్డి పీకి పీకి మా నడుములు పోయినయి, మీ ఆయన గడ్డి ఇత్తుతుండట గదా" అని పక్కింటి అత్త నల్లా దగ్గర అవ్వను ఆటపట్టించింది. అవ్వ నవ్వి బిందె ఎత్తుకుంది.

గడ్డి మొలిచింది. కానీ సమంగా రాలేదు. ఒకచోట గుబురుగా, ఆ పక్కనే బోడిగా, మళ్లీ గుబురుగా, మళ్లీ బోడిగా. చీమలు ఎత్తుకుపోయాయని ఒకరు, పిట్టలు తిన్నాయని ఒకరు, విత్తనమే పుచ్చిందని ఇంకొకరు అన్నారు. తోట పనులు చూసే సూపర్‌వైజర్ మాత్రం బాపునే నిలదీశాడు. "గిదేంది, మేకలు మేసినట్టున్నది? ఇంకో డబ్బా ఉన్నది, మంచిగ జల్లు. గప్పుడు గూడ గిట్లనే ఉంటే మల్ల బాయి దిగుడే." బాపు ఆ మాట ఇంట్లో చెప్పి, అన్నం తినకుండానే పడుకున్నాడు. ఎంత బాగైందన్నా, బండ పడ్డ కాలితో మళ్లీ బాయిలోకి దిగడమంటే నాకు కూడా భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ నన్ను వెంటబెట్టుకుని బాపుకు సద్ది తీసుకుని తోటకు వెళ్లింది. ఆయన అన్నం తింటుంటే తను లాన్ చివర నిలబడి ఆ గడ్డిని చాలాసేపు చూసింది. తిరిగి వచ్చే దారిలో, నాతో అన్నదో తనలో తాను అనుకున్నదో, మెల్లగా చెప్పింది. "ఊర్ల ఉన్నప్పుడు మీ బాపు నువ్వులు జల్లితె దువ్వెనతోని దువ్వినట్టు మొలిచేటియి. గిది చెయ్యి తప్పు గాదు బిడ్డా, కాలు. ఒక అడుగు పొడుగు పడ్డది, ఒకటి పొట్టిగ పడ్డది. గా కాలు ఇంకా నొస్తనే ఉన్నది." అడుగుకో పిడికెడు చొప్పున చల్లుతూ పోతే, అడుగులు దగ్గరగా పడ్డచోట గడ్డి దట్టంగా వచ్చింది, దూరంగా పడ్డచోట మట్టి మిగిలింది. ఇన్నాళ్లూ బాపు మా ముందు దాచుకున్న కుంటి నడక ఆ తోటలో పచ్చగా మొలిచి కనిపిస్తోంది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పాత గడ్డి తీసేసి రెండోసారి విత్తనం చల్లే రోజున అవ్వ జల్లెడ, గోదావరి ఇసుక పట్టుకుని తోటలో ప్రత్యక్షమైంది. ఇద్దరం చల్లితే తొందరగా అవుతుందన్నది. ఇసుక జల్లించి, గింజలు సమంగా పడేలా విత్తనంలో కలిపి, ఉన్నట్టుండి మోకాళ్లు పట్టుకుని కూలబడింది. "నాకు మోకాళ్లు పట్టుకున్నయి. నిలవడి జల్లుడు నాతోని గాదు, కూసోని జరుగుకుంట జల్లుత" అంది.

"మోకాళ్లు నొస్తుంటె ఎందుకొచ్చినవే?" అన్నాడు బాపు.

"ఇంట్ల కూసుంటె తక్కువైతదా? ఒక్కదాన్నే కూసుంటె మంది నవ్వుతరు. జర నువ్వు గూడ కూసో."

బాపు కాసేపు విసుక్కున్నాడు. చుట్టూ చూశాడు. ఆడమనిషిని ఒక్కదాన్నే కింద కూర్చోబెట్టి తాను నిలబడటం బాగుండదనుకున్నాడేమో, చివరికి తువ్వాల పరుచుకుని, ఎడమ కాలు పక్కకు చాపి కూర్చున్నాడు. కూర్చోగానే ఆయన నోటి నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఎన్ని నెలల నుంచి ఆపుకున్నాడో దాన్ని. కలుపు తీసేవాళ్లలా కూర్చునే, ఇద్దరూ పక్కపక్కన వెనక్కి జరుగుతూ, మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా, పొద్దు వాలేదాకా చల్లారు.

ఆ సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో నల్లా నుంచి చకచకా వస్తుంటే నేను అడిగేశాను. "అవ్వా, నీకు మోకాళ్లు ఎప్పుడు నొచ్చినయి?"

"గా తోటల ఉన్నంతసేపు నొచ్చినయి బిడ్డా. ఇంటికి రాంగనే తక్కువైనయి. మీ బాపుతోని అనకు."

బాపు మరుసటి సంతకు వెళ్లి అవ్వ మోకాళ్లకని ఒక సీసా నూనె తెచ్చాడు. అవ్వ కొంచెం తన కాళ్లకు రాసుకుని, అరచేతిలో మిగిలిందంటూ ఆయన కాలికి రుద్దేది. ఆ నూనె ప్రతిరోజూ మిగులుతూనే ఉండేది. ఆయనకు సంగతి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గడ్డి మాత్రం ఈసారి సమంగా వచ్చింది, కుళాయి దగ్గరి ఒక మూల తప్ప. సూపర్‌వైజర్ వచ్చి లాన్ చుట్టూ ఒకసారి నడిచి చూసి వెళ్లిపోయాడు. బాపు రిటైరయ్యేదాకా మళ్లీ బాయి దిగలేదు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఒంట్లో అలుపు తప్ప ఇంకేమీ మిగలలేదనిపించే రోజులు ఎక్కువైపోయాయి. అయినా నాకూ మొండితనం ఉంది, బాపు నుంచి వచ్చిందే. సాయంత్రాలు కోడలితో పార్కులో నడుస్తాను. ఆయాసం వస్తున్నా చెప్పను. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల ఆగిపోయి, "అత్తమ్మా, నా కాళ్లు గుంజుతున్నయి, జర కూసుందామా" అంటుంది. ఈ కథ నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. పొద్దున ఇదే పిల్ల మూడో అంతస్తుకు పరుగెత్తుకుంటూ ఎక్కడం నా కళ్లతో చూసి ఉంటాను.

"కూసుందాం బిడ్డా" అంటాను. ఎప్పుడు నొచ్చినయని మాత్రం అడగను.