జగిత్యాలలో పది నిమిషాలు

ఆ రోజుల్లో నేను డైరీలో ఏ సంగతి రాసినా ముందు తేదీ వేసి, దాని కింద ‘హాజరైనవారు’ అని గీత గీసి, ఎవరెవరు ఉన్నారో రాసిన తర్వాతే అసలు విషయం మొదలుపెట్టేవాణ్ణి. నేనేమీ ఏ సంఘానికీ కార్యదర్శిని కాను. ఆ వివరాలు నన్నెవరూ అడగనూ లేదు. ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి ఏదో ఒక పిచ్చి ఉంటుంది, నాకు ఇది ఉండేది. (ఇప్పటికీ ఉంది. మొన్న డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్నవాళ్ళను కూడా రాసుకున్నాను.) ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. “1969 జూన్, గురువారం. సిరిసిల్ల నుంచి కోరుట్ల బస్సు. హాజరైనవారు: నేను, కండక్టరు, వీర్నపల్లి అవ్వ, డ్రైవరు (నిద్రలో), మరి కొందరు.” తారీకు అంకె మీద చెమట చుక్క పడి చెదిరిపోయింది. ఆ చెమట నాదే.

తెలంగాణ కోసం ఊళ్ళన్నీ రోడ్డు మీదికి వచ్చిన రోజులవి. బడులు మూతపడ్డాయి, బస్సులు నడిస్తే నడిచినట్టు, లేకపోతే లేనట్టు. సరిగ్గా అప్పుడే నాకు కోరుట్లలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆ గురువారం సాయంత్రం అయిదింటిలోగా చేరకపోతే ఉత్తర్వు రద్దవుతుందని అందులోనే రాసి ఉంది. ఆ కాగితాన్ని మడిచి బనీను లోపల పెట్టుకున్నాను. ఉద్యోగులంతా సమ్మె అంటున్న రోజుల్లో కుర్చీ ఎక్కడానికి పోతున్నానని తెలిస్తే బస్సులో వాళ్ళు ఏమంటారోనని భయం. అందుకే ఎవరడిగినా పెళ్ళికి పోతున్నానని చెప్పాను. కోరుట్లలో ఆఫీసు తెరిచి ఉందా అని ఎవరినీ అడగలేకపోవడానికి కూడా అదే కారణం.

దారిలో జగిత్యాల ఉంది. జగిత్యాలలో మా అక్క ఉంది. అదే చిక్కు. రెండేళ్ల కింద అక్క బిడ్డను తొట్టెలలో వేసిన వేడుకకు, మగ్గం మీద బట్ట ఒప్పజెప్పే తొందరలో మా అయ్య ఒక రోజు ఆలస్యంగా పోయాడు. “మీకు మనుమరాలికంటే మగ్గమే ఎక్కువాయె” అన్నాడు బావ. “నీ గడప మళ్ళ తొక్కితే అడుగు” అన్నాడు అయ్య. “నేను మీవోళ్ళ గడప తొక్కితే నన్నడుగు” అన్నాడు బావ. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు కావడం అక్క దురదృష్టం. అప్పటినుంచి మా ఇంటి నుంచి ఒక్కరూ ఆమె మొహం చూడలేదు. నేను బయలుదేరేటప్పుడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి ఒక మూట ఇచ్చింది. సకినాలు, పిల్ల గౌనుకు రెండు గజాల గుడ్డ. “బస్సు ఆగితే అక్కకియ్యి. తల్లిగారింటోళ్ళు మర్చిపోయిన్రనుకుంటది” అన్నది.

బస్సు పదకొండింటికి జగిత్యాల చేరింది. “ఎంతసేపు ఆగుతది?” అని కండక్టరును అడిగాను. “పది నిముషాలు” అన్నాడు. అక్క ఇల్లు గడియారం టవరు దాటి మూడో గల్లీ. నేను డైరీ తీసి వెనక పేజీలో లెక్క వేశాను. నడక ఆరు నిమిషాలు. కాళ్ళకు నీళ్ళు, ఒకటి. అక్క ఏడుపు, తక్కువలో తక్కువ అయిదు. పిల్లను ఎత్తుకోవడం, రెండు. అన్నం తినకుండా పోనివ్వదు కాబట్టి వద్దని బతిమాలడం, నాలుగు. తిరుగు నడక ఆరు. మొత్తం ఇరవై నాలుగు. పరుగెత్తితే నడక నాలుగూ నాలుగూ అవుతుంది. ఏడుపును మూడుకు తగ్గించాను. (పిల్లను తగ్గించబుద్ధి కాలేదు.) అయినా పద్దెనిమిది. మూట గుమ్మంలో పెట్టి తిరిగి వస్తే సరిపోతుంది గానీ, తోడబుట్టిన దాని ఇంటికి పోయి మంచినీళ్ళయినా తాగకుండా వస్తే పోకపోవడం కంటే పెద్ద తప్పు. అందుకే దిగలేదు.

పది నిమిషాలయింది. బస్సు కదల్లేదు. కోరుట్ల రోడ్డు మీద విద్యార్థులు బండరాళ్ళు అడ్డం పెట్టి కూర్చున్నారట. “ఇంకెంతసేపు?” అని అడిగాను. “పది నిముషాలు” అన్నాడు కండక్టరు, బీడీ వెలిగించుకుంటూ. మళ్ళీ లెక్క చూసుకున్నాను. పద్దెనిమిది పదిలో పట్టదు. పన్నెండయింది, ఒంటిగంటయింది, రెండు కావచ్చింది. రేకు కాలి బస్సు పెనంలా ఉంది. నేను అడిగిన ప్రతిసారీ ఆయన పది నిమిషాలనే అన్నాడు, ప్రతిసారీ నేను నమ్మాను. గంటకు ఆరు చొప్పున పదులు పోతున్నాయి. ఒక్కసారి ఆయన ఇరవై అని ఉంటే దిగిపోయేవాణ్ణే.

పక్క సీట్లో వీర్నపల్లి అవ్వ ఉంది. కోరుట్లలో కూతురి దగ్గరికి పోతున్న ముసలామె. నేను దొంగచాటుగా బనీనులోంచి ఉత్తర్వు తీసి చూసుకున్నప్పుడు కూడా నా మీదే కన్నేసి ఉంచింది.

“ఏంది కొడుకా, పొద్దటిసంది గా బుక్కుల ఏం గీకుతున్నవ్?”

సంగతి చెప్పాను. ఉత్తర్వు మాట తప్ప.

“అక్క ఇంటికి పోను లెక్కలేందిర? గీ లెక్కలు జేసే యాళ్లకు నాలుగుసార్లు పోయొస్తుంటివి.”

“బస్సు పోతే ఎట్లవ్వా?”

“పోతే పోయింది. పెండ్లే గద. నువ్వు లేకుంటె పుస్తె కట్టరా?”

కండక్టరు నవ్వాడు. “సారు మూడు గంటల సంది కాళ్ళకు చెప్పులేసుకునే కూసున్నడవ్వా” అన్నాడు.

అవ్వ లేచి కొంగు దోపుకుంది. “మూట దే. నేనిచ్చొస్త. బస్సు కదిలితే నువ్వు ఆపు. ముసలిదాన్ని ఇడిచిపెట్టి ఎవడు పోతడో చూస్త” అన్నది. ఇల్లు గుర్తులు అడిగి, దిగి, టవరు వైపు తిన్నగా నడిచిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సిగ్గేసింది, నిజమే. కానీ డైరీలో ఆ సమయానికి “సమస్య తీరింది” అని రాసుకున్నాను.

అవ్వ ముప్పావు గంటకు వచ్చింది. నోట్లో వక్క నములుతోంది.

“కాళ్ళకు నీళ్ళిచ్చింది. కోడిగుడ్ల కూరతోని అన్నం పెట్టింది. వద్దంటె ఇన్నదా? మంచి పిల్ల.”

“నా గురించి ఏమన్నదవ్వా?”

“ఏమనలే. గుడ్డ ముఖానికి పెట్టుకున్నది. బస్సు ఇంక ఉన్నదా అని రెండుసార్లడిగింది.”

“మరి తనైన రాకపాయె?”

“ఊర్లకొచ్చి ఇంటికి రాని తమ్ముని కాడికి ఉరికొస్తదా? దానికి గూడ రోషముండదా?”

నేను లేచాను. ఆ క్షణంలో లెక్క లేదు, ఉద్యోగం లేదు. మనుషులను తప్పించుకుంటూ తలుపు దాకా పోయి ఒక కాలు మెట్టు మీద పెట్టాను. అప్పుడే కండక్టరు బయటనుంచి ఉరికొచ్చి నన్ను లోపలికి నెట్టాడు. “రాళ్ళు తీసిన్రు, మళ్ళ పెట్టకముందే పోవాలె. రైట్, రైట్.” బస్సు కదిలింది. టవరు దగ్గర గల్లీ వైపు చూశాను. ఎవరూ లేరు. ఎవరైనా ఉంటే ఇంకా బాధపడేవాణ్ణి కాబట్టి లేకపోవడమే మంచిదయిందని సర్దిచెప్పుకున్నాను. కోరుట్ల దాకా అవ్వ మొహం అవతలికి తిప్పుకునే కూర్చుంది.

నాలుగుంబావుకు ఆఫీసు చేరాను. తాళం వేసి ఉంది. అరుగు మీద అటెండరు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఉత్తర్వు చూపించాను, చెమటకు అది మెత్తబడిపోయింది. “సమ్మె వెట్టి మూడొద్దులాయె సారు. నువ్వచ్చినవని నేను సాక్షం. తలుపు మూసినోళ్ళం మేము, ఆలిశం నీదెట్లయితది? సమ్మె అయినంక చేరుదువు” అన్నాడు. (అలాగే చేరాను. ముప్పై ఆరేళ్ళు చేశాను.) అంత అలసట నాకు మళ్ళీ పదవీ విరమణ దాకా తెలియదు. అయిదింటికి రావలసింది నాలుగుంబావుకే వచ్చాను, కానీ అక్కడ నా కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎవరూ లేరు. ఎదురుచూసిన మనిషిని వెనక వదిలి వచ్చాను.

మర్నాడు పొద్దున్న ఆ అరుగు మీదే మొహం కడుక్కుంటుంటే ఒక సైకిలు వచ్చి ఆగింది. బావ. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. హ్యాండిలుకు మూడు గిన్నెల టిఫిన్ క్యారియరు వేలాడుతోంది. సైకిలు దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి అట్లాగే ఉన్నాడు.

“నేనీడున్నట్టు నీకెట్ల తెలిసింది బావా?”

“పెండ్లికి పోయెటోడు బనీనుల సర్కారు కాయితం పెట్టుకుంటడా? ముసలామె చెప్పింది. ఉన్న ఆఫీసులన్ని తిరిగొచ్చిన.” గిన్నెలు నా చేతికిచ్చాడు. “మీ అక్క నిన్నటిసంది తింటలేదు. నాకు పెడ్తలేదు, నీకైతే వండి పంపింది. పెట్టకున్నా ఓర్సుకుంటుంటి గని బామ్మర్దీ, మాట్లాడ్తలేదు.”

“దిగు బావా.”

“దిగ. మీవోళ్ళ గడప తొక్కనన్న.”

“ఇది సర్కారు ఆఫీసు.”

“నువ్వు కూసునేదే గద. గడప గడపనే.” కాసేపు రోడ్డు వైపు చూశాడు. తర్వాత, ఎవరి గురించో అడుగుతున్నట్టు, “మీ అయ్య మంచిగున్నడా?” అన్నాడు.

బాగున్నాడని చెప్పి ఊరుకోవలసినవాణ్ణి. ఏమయిందో, నిన్న పొద్దున్న నేను చెప్పులు వేసుకుంటుంటే అయ్య మగ్గం ఆపి, తల ఎత్తకుండా, బస్సు జగిత్యాలలో ఎంతసేపు ఆగుతుందని అడిగిన మాట చెప్పాను. నాకు తెలియదన్నానని కూడా చెప్పాను. అది అయ్యకు బస్సుల మీద ఉన్న ఆసక్తి అనుకున్నానని ఆ అరుగు మీద నిలబడి బావకు చెబుతుంటే, నా గొంతు నాకే వింతగా వినిపించింది.

బావ సైకిలు దిగి, స్టాండు వేసి, వచ్చి నా పక్కన కూర్చుని, “గిన్నెలు ఇప్పు, నాకు గూడ ఆకలైతుంది” అన్నాడు. ఇద్దరం ఒక్క మూతలోనే తిన్నాం. ఆ ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు కోపం రాదు. పక్కన కూర్చుని వాడి చేతిలోంచి ఆ డైరీ కాసేపు తీసుకోవాలనిపిస్తుంది.