చెయ్యి ఆనకుండ లేవాలె!

లింగమూర్తికి ఉన్న పిచ్చి ఒక్కటే: కింద కూర్చున్న మనిషి నేలకు చెయ్యి ఆనించకుండా లేవాలి. యాభై మూడో ఏట పట్టుకుందా పిచ్చి. వరంగల్‌లో ఆయన జంపఖానాల దుకాణంలో అడుగుపెట్టిన వాళ్లెవరికీ అది తప్పేది కాదు.

ఉగాది దాటాక పుట్టింటి నుంచి తిరిగొచ్చిన ఆయన భార్య అనసూర్య, దుకాణంలో ఒక్క కుర్చీ కూడా లేకపోవడం చూసి నెత్తి పట్టుకుంది.

"ఏందయ్యా ఇది? గిరాకీ ఏడ కూసుండాలె?"

"జంపఖానా మీద. రోజుకు రెండు సార్లు లేస్తె కాళ్లు గట్టివడ్తయి. వచ్చే నెల మూడు."

"నువ్వు లెవ్వు, ఎవలొద్దన్నరు? వచ్చినోళ్లను లేపుడెందుకు?"

బ్యాంకు మేనేజరు రాజేశ్వర్ రావు దర్జాగా కూర్చున్నాడు గానీ, లేవబోయి పక్కకు ఒరిగి, జంపఖానాల కట్టల మధ్య ఇరుక్కున్నాడు. "చెయ్యి ఆనిచ్చిండ్రు సారూ! మళ్లా!" అని లింగమూర్తి గోల. జిమ్ముకెళ్లే సాయితేజ ఇరవై సార్లు లేస్తానని తొడ కొడితే, వాణ్ణీ ఆపేశాడు. "రెండే! ఇయ్యాల ఇరవై కొట్టినోడు రేపు మంచం దిగడు."

ఇవన్నీ భరించింది గానీ కట్టయ్య జోలికి పోతే మాత్రం అనసూర్యకు ఒళ్లు మండేది. ముప్ఫై ఏళ్లుగా వాళ్లకు నేస్తున్న కట్టయ్య బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది, సత్తువ రాలేదు. గుంత మగ్గంలో దిగితే మళ్లీ పైకి రాలేడు. దుకాణంలో ఓ మూల కూర్చుని అంచులకు ముడులేస్తున్నాడు. దసరా దాకా చూసి మగ్గం పీకించేస్తానని అల్లుడు చెప్పేశాడు. మగ్గం పోతే ఆ మనిషి బతికున్నా లేనట్టే.

"కట్టన్నా, నీ రెండు అయినయా?"

"ఒక్కటైంది సేటూ."

"రెండోది నీ అల్లుడు చేస్తడా?"

"కాలిరిగిన మనిషయ్యా! జర రహం లేదా నీకు?" అని అనసూర్య విరుచుకుపడింది.

"డాక్టరే చెయ్యమన్నడు" అంటూ ఆయన ఇంకో గిరాకీ మీద పడ్డాడు.

నెలకొకటి చొప్పున రెండు కాస్తా ఏడయ్యాయి. దసరా పది రోజులుందనగా కట్టయ్య భార్య మొగిలమ్మ వచ్చి అనసూర్యను ఇంటికి లాక్కుపోయింది. చూస్తే కట్టయ్య గుంతలో కూర్చుని నేస్తున్నాడు. నేయడం ఆపి, తనంతట తనే పైకొచ్చాడు. అనసూర్య నోరు తెరిచింది.

"నువ్వు ఊర్లె లేనప్పుడు దుకాన్ల లెవ్వలేక పడ్డడక్కా" అంది మొగిలమ్మ. "గిరాకీలు సంకల చేతులేసి లేపిండ్రట. ఇగ దుకాన్లకు వోనని మూడొద్దులు ముసుగు తన్ని పన్నడు. సేటు వచ్చి, 'నేను గూడ లెవ్వలేనన్నా. ఊర్లె ఎవ్వడూ లెవ్వలేడు, వచ్చి చూడు' అన్నడు. బ్యాంకు సారు పడ్డనాడు ఇంటికొచ్చి ఎంత నవ్విండో! కాలిరిగినంక గదే మొదలు నవ్వుడు."

ఆర్నెల్లు మొగుణ్ణి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి అనసూర్యకు సిగ్గేసింది. సిగ్గుకు రెట్టింపు ప్రేమ పుట్టుకొచ్చింది. అంతలో లింగమూర్తి గుమ్మంలో కనబడ్డాడు. కట్టయ్య ఆయన ఎదుట ఇంకోసారి దిగి, లేచి చూపించాడు. మూడోసారి కూడా చూపించబోయాడు.

"లేసింది సాలు, కూసో!" అని కసిరాడు లింగమూర్తి. "ములుగు నుంచి ఇరవై జంపఖానాల ఆర్డరొచ్చింది. నువ్వు లేస్తనే ఉంటె నేసేదెవలు?"