పేర్లు తీసేసిన తగవు

పాలకోడు బస్సులో నా పక్కన బైబిలు ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. మా ఉమ్మడి బావి నీళ్ల వంతుల తగవు ఆ సాయంత్రం ఊరిపెద్దగా నేనే తీర్చాలి. ఒక పక్షం నా బావమరిది కాబట్టి తీర్పు సిద్ధంగానే ఉంది; న్యాయమే ఇంకా దొరకలేదు. ఆవిడతో చెప్పుకున్నాను.

"పేర్లు తీసేసి చెప్పు నాయినా. తీర్పులో మొగం చూడొద్దని ఇందులో ఉండాది," అంది బైబిలు తట్టి.

"ఒగడు ఇంకొగని వంతు నీళ్లు గూడా కట్టుకున్నాడమ్మా. ఆ రెండోవాని టమాటా తోట ఎండిపోయింది..." అని ఆగిపోయాను.

"సరి, ఇంక నన్ను అడిగేదేముండాది?" అని పెరియంపట్టిలో దిగిపోయింది.

బావమరిది ఓడిపోయాడు. ఇంట్లో వారం రోజులు మా ఆవిడ నాతో అనవసరంగా మాట్లాడలేదు. అతను ఏడాది పాటు మా గడప తొక్కలేదు. ఆ తరువాత తన గట్టు తగవు తీర్చమని నా దగ్గరికే వచ్చాడు.