గుర్రపు డెక్క మీద బాతులు

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా పెద్ద చెరువు. ఏ చెరువుల్ని ముందుగా కాపాడాలో జాబితా రాసే సర్వేలో నాకు ఉద్యోగం దొరికినప్పుడు, మొదటి పేరు దానిదేనని నాకు అనుమానం లేదు. మా సారు మాత్రం గట్టున నిలబడి మొహం చిట్లించాడు. నీళ్ళ మీద గుర్రపు డెక్క మొక్క దట్టంగా అల్లుకుని ఉంది. అదంతా పీకించేస్తేనే చెరువుకి విలువ అని తేల్చేశాడు.

ఇంటికొచ్చి చెబితే, చేపలు తోముతున్న మా అమ్మ తలైనా ఎత్తలేదు. సిక్కోలు నుంచి కాపరానికి వచ్చింది మొదలు ఆమె చూపు ఆ చెరువు మీదే.

"ఏటీ, అంతా పీకేత్తారా? సలికాలం వచ్చిన బాతులు ఎక్కడ కూకుంటాయే? నడిమిన తెప్పల్లాగ కొంత ఒగ్గీమను."

మర్నాడు ఆ మాట చెబితే సారు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. చలి మొదలై బాతులు దిగగానే, ఆయన చేతికి బైనాక్యులర్ ఇచ్చి మా కిటికీ దగ్గరే కూర్చోబెట్టాను. మొక్కల మధ్య అక్కడక్కడా ఉన్న ఖాళీ నీళ్ళ మీద ఒక్క బాతూ లేదు. అన్నీ ఆ ఆకుల తెప్పల మీదే ముడుచుకుని నిద్రపోతున్నాయి. ఆయన బైనాక్యులర్ దించి జాబితా కాగితం ఇమ్మన్నాడు.

జాబితాలో మా చెరువే మొదటిదైంది. నడిమి తెప్పలు తీయకూడదన్న వాక్యం నేనే రాశాను. 'ఆధారం' అన్న గడిలో 'స్థానిక పరిశీలన' అని రాయమన్నాడు సారు. నేను 'మా అమ్మ' అని రాశాను. ఆయన చదివాడు, నా మొహం చూశాడు, కింద సంతకం పెట్టాడు.