మీది వైరు

తండ్రి వెంట కాకుండా ఫిర్దోస్ ఒక్కతే పనికి పోయిన మొదటి రోజు అది. పెద్దపల్లిలో ఆమె తండ్రి మునీర్‌కు నెట్, సీసీ కెమెరాల దుకాణం ఉంది. బోర్డు రంగు వెలిసిపోయి కొత్తది రాయించాల్సి వచ్చింది. "ఫంక్షన్ హాల్ పని ఒక్కదానివే సక్కగ చేసిరా బేటీ, బోర్డు మీద నీ పేరు గూడ రాయిస్త" అన్నాడు. అంతే, ఫిర్దోస్ కాళ్లు నేల మీద నిలవలేదు. అన్నం తింటూ కూడా పళ్లెంలో వేలితో తన పేరు రాసుకుంది.

హాలుకు రెండు అంతస్తులు. పైన ఉపేందర్‌రావు కొడుకు విక్రాంత్ పెళ్లి. కింద ఫిర్దోస్ చాచా కొడుకు అవేజ్ పెళ్లయ్యాక పెట్టే వలీమా విందు. రెండు చోట్లా ఒక కెమెరా, వెనక కూర్చున్న వాళ్ల కోసం ఒక పెద్ద తెర. వైర్లన్నీ వచ్చి చేరేది మాత్రం ఆఫీసు గదిలోని ఒకే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెలోకి. పైవాళ్ల బొమ్మ పైకి, కిందివాళ్ల బొమ్మ కిందికి పోవాలంటే ఆ పెట్టెను రెండుగా పంచాలి. అన్నదమ్ములు ఒకే ఇంట్లో వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకున్నట్టు. గోడ కట్టరు, అయినా ఒకరి కూర ఇంకొకరి గిన్నెలో పడదు. ఆ లేని గోడ పేరే వీలాన్. పై అంతస్తుకు పది, కిందికి ఇరవై అని ఫిర్దోస్ నంబర్లు ఇచ్చింది.

తెరల వైర్లకు చీటీలున్నాయి, కెమెరాల వైర్లకు లేవు. అవి లాగింది హాలులో కరెంటు పని చూసే కొమురెల్లి.

"కాకా, గీ నల్ల వైరు ఏడిది?"

"మీది" అన్నాడు కొమురెల్లి, నిచ్చెన మీద నుంచే.

మాదంటే అవేజ్ భాయ్‌దే కదా అనుకుని ఫిర్దోస్ నల్ల వైరును ఇరవైలో, తెల్ల వైరును పదిలో వేసి ల్యాప్‌టాప్‌లో సేవ్ కొట్టింది. రెండు తెరల మీదా ఎర్ర పరదా, ఖాళీ సోఫా కనిపించాయి. స్టేజీలు రెండూ కట్టింది ఒక్క డెకరేషన్ వాడే మరి! ఆమె మురిసిపోయింది.

జనం వచ్చి సోఫాలు నిండాక అసలు సంగతి బయటపడింది. కింద ఆడవాళ్ల వైపు నుంచి అవేజ్ నానీ రబియా కేకేసింది. "అయ్యో, మా అవేజ్ నెత్తి మీద ఏందో ముద్ద పెడుతుండ్రు! జర ఆపుండ్రి!" పైన విక్రాంత్ నాయనమ్మ తారాబాయి నోరు తెరిచింది. "మా పిలగానికి గింత గడ్డం ఎప్పుడొచ్చిందే?"

ఉపేందర్‌రావు పట్టుపంచె ఎగగట్టి దడదడా మెట్లు దిగి ఆఫీసు గదిలోకి వచ్చాడు. "గీ పని ఎవల్ది?"

విందుకొచ్చిన మునీర్ ముందుకు జరిగి నోరు తెరవబోయాడు. ఫిర్దోస్‌కు బోర్డు మీది పేరు కళ్లముందే చెరిగిపోయినట్టయింది. అయినా ఆమే ముందు పలికింది. "నాది సార్. నేనే తప్పేసిన, నేనే సరిజేస్త."

కొమురెల్లి పెట్టెలోకి తొంగి చూశాడు. "మీది వైరు కిందికెందుకు ఏసినవ్ బిడ్డా?"

"మీది అన్నవ్ గద కాకా, మాదనుకున్న!"

"మీదంటే మీద అంతస్తుది బిడ్డా, మీది కాదు!"

ఉపేందర్‌రావుకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత ఆయన నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఫిర్దోస్ పదినీ ఇరవైనీ తారుమారు చేసింది. కింద తెర మీదికి అవేజ్ వచ్చాడు. వెంటనే ఆడవాళ్లంతా గోల. "గదేందే, తలంబ్రాల్ల ఎవలు గెలుస్తరో సూడకముందే బంద్ చేసినవ్?"

ఆ రోజంతా మునీర్ బోర్డు ఊసే ఎత్తలేదు. అడగడానికి ఫిర్దోస్‌కు మొహం చెల్లలేదు.

మర్నాడు బోర్డులు రాసే సదానందం దుకాణం ముందు నిచ్చెన వేశాడు. "మీదేం పేరు సాబ్?"

"మునీర్" అన్నాడు మునీర్.

సదానందం పై వరుసలో కుంచె ఆనించాడు.

"ఏ, ఆగాగు! నువ్వడిగింది మీదిదా?" మునీర్ పరుగున వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. "మీద ఫిర్దోస్ అని రాయి. మునీర్ కింద."